జుట్టు రాలితే జీవితం రాలిపోదు!

ఈమధ్య ఒక సోమవారం ఓ.పి. ముగిసే వేళకు తండ్రీ కొడుకులు ఇద్దరు నా గదిలోకి వచ్చారు. కొడుకుకు ఇరవై ఆరేళ్లుంటాయి. చెమటలు కారుతున్నా తలమీద టోపీ తీయలేదు. తండ్రి కోనసీమ రైతు. కుర్చీ అంచున కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు:

"డాక్టరు గారండీ, మావోడికి మూడు సంబంధాలు తప్పిపోయాయండి. ఫొటో చూసి సరేనంటారు, మనిషిని చూసి కబురు చేస్తామంటారు. హైదరాబాదులో జుట్టు నాటుతారంట కదండీ. లంకలో అరెకరం ఉందండి. అమ్మమంటారా, వద్దంటారా?"

అడిగిన తరువాత ఆయన చూపు నా తలమీదికి వెళ్లింది. వెళ్లి ఆగిపోయింది. నేను నవ్వాను. ఎందుకంటే నాకు ముప్పై రెండో ఏటికే నుదురు నడినెత్తి దాకా వచ్చేసింది. వైద్యం చదివినవాణ్ణయి ఉండీ, ఆ రోజుల్లో ఎవరికీ తెలియకుండా ఒక తైలం తెప్పించుకుని ఆరు నెలలు రాసుకున్నాను. తలగడ గలీబులు పాడయ్యాయి తప్ప ఒక్క వెంట్రుక మొలవలేదు. కనుక ఈ బాధను గురించి నేను పుస్తకం చూసి మాత్రమే చెప్పడం లేదు.

ఆ తండ్రికి ఏం చెప్పానో చివర చెబుతాను. ముందు మీరు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

జుట్టు ఎలా పెరుగుతుంది?

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్క వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లపాటు నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తరువాత రెండు మూడు వారాలలో పెరుగుదల ఆగిపోతుంది. మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. అదే కుదురులోంచి కొత్త వెంట్రుక మొలుస్తుంది. అందుచేత రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజం. దువ్వెనలో నాలుగు వెంట్రుకలు కనిపించగానే గుండె బాదుకోనవసరం లేదు. రాలినవి తిరిగి మొలుస్తున్నాయా, లేదా అన్నదే అసలు ప్రశ్న.

మీది ఏ రకం?

"జుట్టు రాలుతోంది" అనే మాట "జ్వరం వచ్చింది" అనే మాటలాంటిది. కారణం తెలియకుండా మందు వేయడం చీకట్లో బాణం వేయడమే. ముఖ్యంగా మూడు రకాలు మీరు గుర్తుంచుకోవాలి.

మొదటిది, ఏదైనా పెద్ద జబ్బు చేసిన రెండు మూడు నెలలకు తలంతా ఒక్కసారిగా రాలడం. టైఫాయిడ్, డెంగ్యూ, కోవిడ్, కాన్పు, పెద్ద ఆపరేషన్, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం – వీటిలో ఏదయినా కారణం కావచ్చు. శరీరం కష్టంలో ఉన్నప్పుడు ఎక్కువ వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతికి వెళతాయి. మూడు నెలలకు అన్నీ కలిసి రాలతాయి. వేళ్లకు చుట్టుకుని కుచ్చులుగా వస్తుంటే భయం వేస్తుంది, నిజమే. కాని కారణం తొలగిపోతే ఆరు నెలల్లో చాలామందికి తగ్గుముఖం పడుతుంది. ఇది బట్టతల కాదు. "బిడ్డ నవ్వితే తల్లి జుట్టు రాలుతుంది" అని మన పెద్దవాళ్లు అంటారు. బిడ్డ నవ్వు నేర్చే మూడో నెలకూ, తల్లి జుట్టు రాలే సమయానికీ లెక్క సరిపోవడమే అందులోని కిటుకు.

రెండవది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల. మగవారిలో నుదుటి రెండు పక్కలా, నడినెత్తిన పలచబడుతుంది. ఆడవారిలో ముందు గీత అలాగే ఉండి పాపిడి వెడల్పవుతుంది. దీనికి మూలం పురుష హార్మోను. 1942లో అమెరికాలో జేమ్స్ హామిల్టన్ అనే శాస్త్రజ్ఞుడు, యుక్తవయసు రాకముందే వృషణాలు కోల్పోయినవారికి బట్టతల రాదని చూపించాడు. ఆ హార్మోను శరీరంలో డి.హెచ్.టి. అనే రూపానికి మారి, వంశంలో ఆ లక్షణం ఉన్నవారి కుదుళ్లను క్రమంగా కుదించివేస్తుంది. మందపాటి వెంట్రుక నూగులా మారి, చివరకు కనిపించకుండా పోతుంది. "మేనమామకు లేదు కనుక నాకు రాదు" అనుకోవద్దు. ఈ లక్షణం తల్లివైపు నుంచీ రావచ్చు, తండ్రివైపు నుంచీ రావచ్చు.

మూడవది పేనుకొరుకుడు. రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు ఊడిపోతుంది. పేరులో పేను ఉందే కాని దీనికీ పేనుకీ ఏమీ సంబంధం లేదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ పొరపాటున తన కుదుళ్ల మీదే దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. అంటువ్యాధి కాదు. ఒకటి రెండు మచ్చలే ఉంటే చాలామందికి ఏడాదిలోగా దానంతటదే మొలుస్తుంది. కొద్దిమందికి తల మొత్తం, కనుబొమలు కూడా పోవచ్చు.

ఇవిగాక రక్తహీనత, థైరాయిడ్ లోపం, అండాశయాల్లో నీటిబుడగలు, తామర, సిఫిలిస్, కొన్ని రకాల మందులు, జడ బిగించి లాగి వేసుకోవడం – ఇవన్నీ జుట్టును రాల్చగలవు. తలమీద చర్మం ఎర్రబడి, పొలుసు కట్టి, నున్నగా మచ్చపడుతుంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. అలాంటి జబ్బులలో కుదురే చచ్చిపోతుంది. చచ్చిన కుదురును ఏ మందూ బతికించలేదు.

ఉప్పునీళ్లు, కొబ్బరినూనె, నున్నటి గుండు

భీమవరం వైపు నుంచి వచ్చేవారిలో పదిమందికి ఎనిమిదిమంది "మా బోరు నీళ్లు ఉప్పన్నండీ, అందుకే రాలుతోంది" అంటారు. ఉప్పునీటివల్ల జుట్టు గరుకెక్కుతుంది, చిక్కుపడుతుంది, మధ్యలో తెగుతుంది. కాని కుదురు చెడదు. చివరిసారి మంచినీళ్లు పోసుకుంటే చాలు.

అంబాజీపేట కొబ్బరినూనె మాటేమిటి? నూనె వెంట్రుకకు కాపుదల. దువ్వేటప్పుడు తెగకుండా చూస్తుంది. అంతవరకు మంచిదే. లేని వెంట్రుకను మాత్రం మొలిపించదు.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందనేది మరొక అపోహ. గుండు గీసే కత్తి చర్మం పైనున్న దానిని కోస్తుంది. కుదురు చర్మం లోపల ఉంటుంది. కోసిన కొస మొండిగా ఉండడంవల్ల చేతికి బిరుసుగా, ఒత్తుగా తోస్తుంది, అంతే. ద్వారకా తిరుమలలోనో అన్నవరంలోనో తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నవారు భక్తితో ఇవ్వండి. ఒత్తుగా వస్తుందని ఇవ్వవద్దు.

ఇక "జుట్టు విటమిన్లు". బయోటిన్ లోపం నిజంగా ఉన్నవారు బహు అరుదు. లోపం లేకుండా అది మింగితే జుట్టుకు ఒరిగేదేమీ లేదు సరికదా, థైరాయిడ్, గుండెపోటు వంటి రక్తపరీక్షల ఫలితాలు తారుమారు కావచ్చు. దీని గురించి అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ 2017లోనే హెచ్చరించింది. మోతాదు మించిన సెలీనియం అయితే జుట్టును రాల్చివేస్తుంది కూడా. 2025 జనవరిలో మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లా గ్రామాలలో అనేకమందికి కొద్ది రోజులలోనే జుట్టు ఊడిపోయినప్పుడు తిండిలోని సెలీనియం మీదికే అనుమానం వెళ్లింది. మందుబిళ్లల బదులు కోడిగుడ్డు, పప్పు, చేప, ఆకుకూర తినండి. ఆడవారు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

పనిచేసే మందులు

వంశపారంపర్యపు బట్టతలకు బాగా పరీక్షకు నిలిచిన మందులు ముఖ్యంగా రెండు.

ఒకటి మినాక్సిడిల్. ఇది మొదట రక్తపోటు మాత్ర. వాడినవారికి ఒంటిమీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో అనుమతి లభించింది. పొడి తలమీద, జుట్టుకు కాక చర్మానికి తగిలేలా రాయాలి. మొదటి నెల రెండు నెలల్లో కొంత జుట్టు ఎక్కువగా రాలుతుంది. చాలామంది అక్కడే భయపడి సీసా పారేస్తారు. అది పాతది పోయి కొత్తదానికి చోటివ్వడం. ఫలితం తెలియడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది. మానేస్తే కొద్ది నెలల్లో వచ్చినది పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే దానికి అందకుండా చూడండి. ఆ మందు పిల్లులకు విషం. ఇదే మందును కొద్ది మోతాదులో మాత్రగా ఇవ్వడం కూడా ఇప్పుడు ఉంది. కాని గుండెజబ్బు ఉన్నవారికి ప్రమాదం కనుక దుకాణంలో అడిగి కొనవద్దు.

రెండవది ఫినాస్టిరైడ్ మాత్ర. హార్మోను డి.హెచ్.టి.గా మారకుండా అడ్డుపడుతుంది. ప్రోస్టేటు వాపుకు 1992లో వచ్చిన ఈ మందును 1 మిల్లీగ్రాము మోతాదులో బట్టతలకు 1997లో అనుమతించారు. ఇది మగవారికి మాత్రమే. కొద్దిమందిలో లైంగిక వాంఛ, పటుత్వం తగ్గవచ్చు. దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కూడా దీనివల్ల రాగలవని యూరప్ మందుల సంస్థ 2025లో నిర్ధారించింది. మనసు మారినట్టు తోస్తే వెంటనే మాని డాక్టరుకు చెప్పండి. సిగ్గుపడి దాచవద్దు. గర్భిణులు చిదిమిన మాత్రను ముట్టుకోకూడదు. మగశిశువుకు ప్రమాదం. యాభై దాటినవారు ప్రోస్టేటు రక్తపరీక్షకు వెళితే ఈ మాత్ర వాడుతున్నట్టు చెప్పండి. ఆ పరీక్షలో వచ్చే అంకెను ఇది సగానికి తగ్గించి చూపిస్తుంది.

పేనుకొరుకుడుకు వైద్యం వేరు. మచ్చలలోకి నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తాము. తల మొత్తం పోయినవారికి బారిసిటినిబ్ అనే మాత్రను 2022లో అమెరికాలో ఆమోదించారు. ఇది అనేకమందికి ఆశ కలిగించింది. అయితే రక్షణ వ్యవస్థను అణచే మందు కనుక ముందు క్షయ మొదలైన పరీక్షలు చేయించాలి.

తలమీద ఊడ్పులు

జుట్టు నాటే ఆపరేషన్‌ను మన గోదావరి ప్రాంతంవారికి వివరించడం చాలా తేలిక. మీరు ఊడ్పులు చూసినవారే కదా!

తల వెనకభాగం నారుమడి. అక్కడి కుదుళ్లమీద ఆ హార్మోను ప్రభావం ఉండదు. వాటిని తీసి ముందు నాటితే, అక్కడ కూడా తమ పాత గుణమే నిలుపుకుంటాయి. జపానులో షోజీ ఒకుడా 1939లోనే ఈ పద్ధతి రాశాడు. న్యూయార్కులో నార్మన్ ఓరెంట్రీచ్ 1952లో బట్టతలకు చేసి, 1959లో ప్రచురించాడు. ఇప్పుడు వెనకనుంచి ఒక చర్మపు పట్టీ తీసి కుదుళ్లు విడదీసి నాటడం ఒక పద్ధతి. ఒక్కొక్క కుదురునూ విడిగా పెకలించి నాటడం మరొకటి. ఒక్కొక్క కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి.

నారు ఎంత ఉందో పొలం అంతే. ఈ మాట మరచిపోవద్దు. నారుమడిలో కొన్ని వేల కుదుళ్లు మాత్రమే తీయగలం. తీసిన చోట మళ్లీ నారు పోయలేము. ఇరవై రెండేళ్లకు తొందరపడి ముందు గీత నాటించుకుంటే, వెనుక ఉన్న సొంత జుట్టు నలభై నాటికి పోయి, నాటినది మాత్రం ద్వీపంలా మిగులుతుంది. అందుకే బట్టతల ఎంతవరకు పోతుందో తేలేదాకా ఆగమంటాము. నాటిన వెంట్రుకలు కొద్ది వారాల్లో రాలిపోతాయి. కంగారు పడవద్దు. మూడు నాలుగు నెలలకు మొలకెత్తి, ఏడాదికి నిండుదనం వస్తుంది. ఆపరేషన్ అయ్యాక కూడా మిగిలిన జుట్టు కోసం మందులు వాడుతూనే ఉండాలి. జబ్బు ముదురుతున్న పేనుకొరుకుడుకు, జ్వరం తరువాత రాలే జుట్టుకు ఈ ఆపరేషన్ పనికిరాదు.

చిన్న ఆపరేషనే కదా అని తేలికగా తీసుకోవద్దు. గంటల తరబడి తలంతా మత్తు ఇంజెక్షన్లు ఇస్తారు. మోతాదు మించితే ప్రాణం మీదికి వస్తుంది. సూక్ష్మక్రిములు చేరినా అంతే. కాన్పూరులో 2025లో ఈ ఆపరేషన్ తరువాత ఒక ఇంజనీరు మరణించి పోలీసు కేసు అయింది. వీడియోలు చూసో, కొద్ది రోజుల తరగతులకు హాజరయ్యో ఈ పని చేయరాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. కనుక వెళ్లే ముందు మూడు ప్రశ్నలు అడగండి: కత్తి పట్టేది ఎవరు? ఆయన చదువేమిటి? ప్రమాదం జరిగితే ప్రాణవాయువు, మత్తు డాక్టరు అక్కడే ఉన్నారా? జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

అరచేతిలో వైకుంఠం

2025 ఏప్రిల్‌లో హైదరాబాదులో బట్టతలపై జుట్టు మొలిపిస్తానన్న ఒక వ్యక్తి ముందు జనం బారులు తీరారు. గుండు గీసి ఏదో రసాయనం పూశారు. కొందరికి తల మంటలెత్తింది. అంతకు ముందు నెలలో పంజాబులోని సంగ్రూరులో ఇలాంటి శిబిరానికి వెళ్లినవారిలో అరవై మందికి పైగా కళ్ల బాధతో ఆసుపత్రి పాలయ్యారు. జుట్టు కోసం వెళ్లి కళ్లకు తెచ్చుకోవడమంటే ఇదే.

మన దేశపు 1945 నాటి మందుల నిబంధనలలో ఒక పట్టిక ఉంది. అందులోని జబ్బులను నివారిస్తామని, నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. ఆ పట్టికలో బట్టతల ఉంది. "గ్యారంటీ" అనే మాట వినబడితే అది మోసమని గుర్తుపట్టడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

మాట కూడా మందే

ఇక మందుల దుకాణంలో దొరకని మందు గురించి చెబుతాను.

రెండేళ్ల క్రితం డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయిని తల్లి తీసుకువచ్చింది. పేనుకొరుకుడు. నాలుగు మచ్చలు. ఎవరో చెప్పారని జిల్లేడు పాలు రాశారు. తల పుండుపడింది. దయచేసి జిల్లేడు పాలు, గురివింద గింజ తలకు తాకనివ్వకండి. మొదటిది కంట్లో పడితే చూపుకే ముప్పు, రెండవది విషం. ఆ అమ్మాయి నాలుగు నెలలుగా కాలేజీకి వెళ్లడం లేదు. నేనేం చెప్పినా నేల చూపులే.

స్త్రీ తలకూ ఆమె బతుక్కూ మన సమాజం ముడివేసి ఉంచింది. ఈ రాజమహేంద్రవరంలోనే 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ రోజుల్లో కొన్ని కులాలలో భర్త పోయిన ఆడపిల్లకు తల గొరిగించేవారు. జుట్టు లేకపోవడం అంటే బతుకు లేకపోవడం అని ఊరంతటికీ చాటడమన్నమాట. ఆచారం పోయింది. భయం మాత్రం మిగిలింది. గుడి దగ్గర మొక్కు తీర్చుకుని వచ్చిన గుండును అందరూ గౌరవిస్తారు. జబ్బుతో వచ్చిన గుండును మాత్రం వింతగా చూస్తారు. తేడా తలలో లేదు. చూసే కళ్లలో ఉంది.

నా దగ్గరికి వచ్చేవారిలో ఒక పంతులమ్మగారు ఉన్నారు. ఆమెకు తలమీద, కనుబొమలలో ఒక్క వెంట్రుక కూడా లేదు. ఇద్దరి అనుమతీ తీసుకుని ఆ అమ్మాయిని ఆమె దగ్గర కూర్చోబెట్టాను. అరగంట మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. బయటకు వచ్చాక అమ్మాయి తల్లితో, "అమ్మా, సోమవారం కాలేజీకి వెళతాను" అంది. నా ఇంజెక్షన్ ఆ పని చేయలేకపోయింది. తరువాత మరో ఇద్దరు కలిశారు. ఓ.పి. రోజున ఆసుపత్రి ఆవరణలోని చెట్టుకింద చేరి, కనుబొమలు ఎలా దిద్దుకోవాలో, ఏ విగ్గు ఎండకు ఉక్కపోయదో, పేరంటంలో ఎవరైనా అడిగితే ఏమనాలో చెప్పుకుంటారు. అమెరికాలో పేనుకొరుకుడు రోగుల కోసం 1981లోనే ఒక జాతీయ సంస్థ వెలిసింది. మనకు సంస్థే ఉండాలని ఏముంది? ఒక చెట్టు నీడ చాలు.

అయితే ఒక్క నియమం. ధైర్యం పంచుకోండి, మందులు పంచుకోకండి. ఒకరికి పనిచేసిన మాత్ర మరొకరికి హాని చేయవచ్చు. తిండి, నిద్ర మానేసి, అద్దం దగ్గరే గంటలు గడుపుతూ, చచ్చిపోతే బాగుండును అనే మాట ఎవరైనా అంటే అది జుట్టు సమస్య కాదు. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యునికి చూపించండి. టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

లంకలో అరెకరం

ఇప్పుడు ఆ రైతు సంగతి. టోపీ తీయించి చూశాను. వంశపారంపర్యమే. కాని నడినెత్తి ఇంకా పలచబడుతూ ఉంది, నారుమడి పరవాలేదు. "అరెకరం అమ్మవద్దు. ఏడాదిపాటు మందు వాడనివ్వండి. నిలబడితే సరే. అప్పటికీ అబ్బాయికి కోరిక ఉంటే, తన సంపాదనతో, చదువుకున్న సర్జను దగ్గర చేయించుకుంటాడు" అన్నాను.

"మరి సంబంధాలండీ?" అన్నాడు తండ్రి.

అప్పటిదాకా నోరు విప్పని కొడుకు అన్నాడు, "నాన్నా, పొలం అమ్మి జుట్టు పెట్టుకుంటే, రేపు వచ్చే అమ్మాయికి ఏం పెడతాం?"

తండ్రి కాసేపు కొడుకు వైపు చూశాడు. లేచేటప్పుడు అబ్బాయి టోపీ కోసం చేయి చాచాడు. చీటీతోపాటు అదీ తండ్రి చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరూ అలాగే బయటకు నడిచారు.

చదివే మీ ఇంట్లో కూడా అలాంటి అబ్బాయో, అమ్మాయో ఉండవచ్చు. ముందు చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. కాకినాడ, రాజమండ్రి ప్రభుత్వాసుపత్రులలో ఆ విభాగాలున్నాయి. తరువాత "బట్టబుర్ర" అనే వేళాకోళం మీ ఇంటి గుమ్మం దాటి లోపలికి రాకుండా చూడండి. ఈ రెండోదానికి పైసా ఖర్చు లేదు.